అమాల్ఫీ తీరానికి వెళ్లాలంటే రోమ్‌లోనే దిగాలా?

అమాల్ఫీ తీరం అంటే దక్షిణ ఇటలీలో, నేపుల్స్‌కు దిగువన, సముద్రం ఒడ్డు కొండల మీద ఉన్న ఊళ్ల వరస. ఇటలీ ట్రిప్ ప్లాన్ చేసుకునేవాళ్ల మధ్య దీని గురించి ఒక సలహా చాలాకాలంగా తిరుగుతోంది. "అమాల్ఫీ తీరానికి రోమ్‌లో దిగండి. టికెట్ చవక. రైల్లో గంటకు నేపుల్స్, అక్కడ కారు అద్దెకు తీసుకుంటే ఇంకో గంట. లేదంటే సలెర్నోలో కొత్త ఎయిర్‌పోర్టు వచ్చింది, అమాల్ఫీ పక్కనే. తిరుగు ప్రయాణం కూడా దిగిన చోటి నుంచే పెట్టుకోండి. వీసా ఇటలీది కాబట్టి మొదట ఇటలీలోనే దిగాలి." పెద్దవాళ్లను, పిల్లలను వెంటబెట్టుకుని దీన్ని నమ్మి వెళ్తున్నవాళ్లు ఉన్నారు. అందుకే ఒక్కో మాట తీసుకుని చెబుతున్నాను.

ముందు ఆ "గంట" సంగతి. రోమ్ టెర్మినీ స్టేషన్ నుంచి స్పీడ్ రైలు గంటా పది నిమిషాల్లో నేపుల్స్ చేరుతుంది, నిజమే. కానీ విమానం టెర్మినీలో దిగదు, ఊరి బయట ఫ్యూమిచీనోలో దిగుతుంది. అక్కడి నుంచి టెర్మినీకి లియొనార్డో ఎక్స్‌ప్రెస్‌లో 32 నిమిషాలు. నేపుల్స్‌లో దిగి లోకల్ రైలు మారితే, ఆ రైలు ఆగిపోయే సోరెంటో ఊరికి ఇంకో గంటా పది. సోరెంటో నుంచి అమాల్ఫీకి బస్సులో గంటా నలభై. బండి కదిలే సమయమే నాలుగున్నర గంటలు దాటింది. ఇమిగ్రేషన్, సామాను, రైళ్ల కోసం ఎదురుచూపు ఇంకా కలపలేదు. మేం అమ్మానాన్నలతో ఇదే సలహా పాటించాం. ఉదయం రోమ్‌లో దిగితే హోటల్ గది తలుపు తీసేసరికి చీకటి పడింది. సోరెంటోలో బస్సు క్యూలో నిలబడలేక అమ్మ సూట్‌కేసు మీదే కూర్చుండిపోయింది. ఆ రోజు గుర్తొస్తే నాకు ఇప్పటికీ బాధే.

రోమ్‌కు బదులు నేరుగా నేపుల్స్‌లోనే దిగొచ్చు. కపొడికీనో అనే అక్కడి ఎయిర్‌పోర్టు నేపుల్స్ ఊరిని ఆనుకునే ఉంటుంది. అక్కడి నుంచి సోరెంటోకు నేరుగా బస్సు ఉంది, సుమారు గంటంబావు. పైన చెప్పిన ప్రయాణంలో మూడో వంతుకు పైగా ఇక్కడే తప్పిపోతుంది.

టికెట్ చవక అన్న మాట చాలాసార్లు నిజమే. రోమ్ పెద్ద ఎయిర్‌పోర్టు, విమానాలు ఎక్కువ. అయితే ఆ తేడాలోంచి కొన్ని తీసెయ్యాలి. లియొనార్డో ఎక్స్‌ప్రెస్ మనిషికి 14 యూరోలు. నలుగురు పెద్దవాళ్లకు 56, రానూపోనూ 112. దాని మీద స్పీడ్ రైలు టికెట్లు. ముందే కొన్న చవక రైలు టికెట్ ఆ ఒక్క రైలుకే చెల్లుతుంది. విమానం ఆలస్యమైతే డబ్బు పోయినట్టే. ఆ టెన్షన్‌తో పదిగంటల ప్రయాణం తర్వాత ఎయిర్‌పోర్టులో పరుగులు పెట్టాలి. ఇవన్నీ తీసేశాక కూడా రోమ్ బాగా చవకగా వస్తే అప్పుడు రోమ్‌కే వెళ్లండి. కానీ నేపుల్స్‌లో దిగిపోకుండా అదే దారిలో, తీరానికి తూర్పు కొసన ఉన్న సలెర్నో దాకా రైల్లోనే వెళ్లండి. టెర్మినీ నుంచి సుమారు రెండు గంటలు. అక్కడి రేవులో బోటెక్కితే 35 నిమిషాల్లో అమాల్ఫీ. కొండ రోడ్డు బాధ ఉండదు. ఈ బోట్లు దాదాపు ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకే తిరుగుతాయి, సముద్రంలో అలలు పెద్దగా ఉంటే ఆపేస్తారు. సాయంత్రం ఆఖరి బోటు ఎన్నింటికో ముందే చూసుకోవాలి.

కారు సలహా మాత్రం అసలు పట్టించుకోకండి. తిరుమల ఘాట్‌లో ఎక్కడానికి ఒక రోడ్డు, దిగడానికి ఇంకో రోడ్డు. అమాల్ఫీ తీరంలో అలా కాదు. కొండ అంచున పోయే ఎస్ఎస్ 163 అనే ఒక్క ఇరుకు రోడ్డు మీదే రెండు వైపుల బండ్లూ, టూరిస్టు బస్సులూ పోవాలి. రద్దీ తట్టుకోలేక 2022లో సరి, బేసి నంబర్ల నియమం పెట్టారు. ఆగస్టు అంతా, వేసవి వారాంతాల్లో పగటిపూట నంబరు ప్లేటు చివరి అంకెను బట్టి కార్లను ఆపుతారు. మీకు ఏ నంబరు కారు ఇస్తారో మీ చేతుల్లో లేదు. పైగా మన లైసెన్సుతో పాటు ఇంటర్నేషనల్ పర్మిట్ కూడా ఉండాలి. పెద్దవాళ్లు ఉంటే డ్రైవరుతో సహా బండి మాట్లాడుకోవడమే మంచిది.

సలెర్నో ఎయిర్‌పోర్టు పేరులో "అమాల్ఫీ తీరం" అని ఉండటం వల్ల చాలామంది పొరబడుతున్నారు. 2024 జులైలో అక్కడ మళ్లీ విమానాలు మొదలయ్యాయి. కానీ అది సలెర్నో దాటాక, అమాల్ఫీకి అవతలి దిక్కున పొంతెకాన్యానోలో ఉంది. వచ్చే విమానాలు తక్కువ, అవీ ఎక్కువగా యూరప్ ఊళ్ల నుంచే. లండన్‌లోనో బెర్లిన్‌లోనో ఉండే మనవాళ్లకు పనికొస్తుందేమో గానీ, హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు దీని కోసం ఇంకో విమానం మారడం దండగ.

ఇంతకీ ఆ సలహా రాసినవాళ్లు ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. మీ హోటల్ ఏ ఊళ్లో? సోరెంటో, పొసితానో అయితే నేపుల్స్ నుంచి సోరెంటో మీదుగా వెళ్లాలి. మయోరి, మినోరి, వియెత్రి అయితే సలెర్నో వైపు నుంచి దగ్గర. ఎయిర్‌పోర్టు నేపుల్సే అయినా దారి పూర్తిగా వేరు.

తిరుగు ప్రయాణం దిగిన చోటి నుంచే ఉండాలన్న నియమమేమీ లేదు. టికెట్ వెతికేటప్పుడు "మల్టీ సిటీ" నొక్కి, వెళ్లడం నేపుల్స్‌కు, రావడం రోమ్ నుంచి అని పెట్టి ధర చూడండి. తీరం ముందు, రోమ్ ఆఖర్న. చివరి రోజు బోటు ఆగిపోతుందేమో, విమానం తప్పిపోతుందేమో అన్న భయం ఉండదు.

ఇక వీసా. ఇటలీ, జర్మనీ లాంటి చాలా యూరప్ దేశాలకు కలిపి పనికొచ్చే షెంజెన్ వీసాకు, ఎక్కువ రోజులు ఉండే దేశానికి దరఖాస్తు చేయాలి. రెండు దేశాల్లో సమానంగా ఉంటే మొదట అడుగుపెట్టే దేశానికి. అంతే తప్ప ఇటలీ వీసాతో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి నేపుల్స్ విమానం ఎక్కడానికి అడ్డేమీ లేదు. ఇమిగ్రేషన్ మాత్రం ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే అయిపోతుంది, కాబట్టి రెండు విమానాల మధ్య కనీసం రెండు మూడు గంటలు ఉంచుకోండి. హోటల్ బుకింగ్, తిరుగు టికెట్, ఇన్సూరెన్స్ కాగితాలు చెక్-ఇన్ సామానులో కాకుండా చేతి బ్యాగులోనే పెట్టుకోండి, అధికారి వాటిని అడిగేది అక్కడే.