ఫోకస్ మోటారు లేని కెమెరా బాడీకి ఆ లెన్సు ఎందుకు అంటగడతారు?

చెన్నైలో తొలి డీఎస్ఎల్ఆర్ కెమెరా కోసం పాతిక వేలు కూడబెట్టుకుని వచ్చే పిల్లల్ని చూస్తే కడుపు తరుక్కుపోతోంది. సెకండ్‌హ్యాండ్ నికాన్ డీ3500 చేతిలో పెట్టి, చవగ్గా వస్తుందని అమ్మేవాళ్లు 50ఎంఎం 1.8డీ లెన్సు అంటగడతారు. ఆ బాడీలో ఫోకస్ మోటారు లేదు, ఆ లెన్సులోనూ లేదు. ఇక ఆటోఫోకస్ ఎక్కణ్నించి వస్తుంది? ప్రతి ఫొటోకీ రింగు చేత్తో తిప్పుకోవాల్సిందే. అదే 50ఎంఎంలో ఏఎఫ్-ఎస్ 1.8జీ రకం అయితే మోటారు లెన్సులోనే ఉంటుంది. ఈ ఒక్క ముక్క చెప్పడానికి నోరు రాదా?

ఇక ఫంగస్, అంటే బూజు. ఈ సముద్రపు తేమకి అద్దాల లోపల సాలెగూడులా పాకుతుంది. పైపైన తుడిచి అమ్మేస్తారు. జీ లెన్సైతే వెనకున్న చిన్న లీవర్ జరిపి అపర్చర్ (వెలుగు వెళ్లే రంధ్రం) పూర్తిగా తెరవండి, ఫోన్ టార్చి వేసి ఏటవాలుగా చూడండి. సన్నటి పోగులు కనబడ్డాయా, ఎంత తగ్గించినా వద్దు. అద్దం మీది పూతను ఫంగస్ తినేసిన మచ్చ తుడిస్తే పోదు.