శుక్రవారం రాత్రి బస్సు

బెంగళూరు మారతహళ్లిలో శుక్రవారం రాత్రి కడప, కర్నూలు బస్సుల కోసం నిలబడేవాళ్ల చేతిసంచులు మారిపోయాయి. ఒకప్పుడు బట్టలూ మిఠాయిలూ ఊరికి పోయేవి. ఇప్పుడు నెలకు సరిపడా బీపీ, షుగరు మాత్రలు, మోకాలి పట్టీలు, పెద్దవాళ్ల డైపర్లు పోతున్నాయి. చదువు ముగిసీ ముగియకుండానే బెంగళూరు చేరిన తరానికి నలభై అయిదు దాటాయి. నాన్నను రెండు రాత్రులు బాత్రూముకు నడిపించి వచ్చినవాడు సోమవారం మీటింగులో కునికిపాట్లు పడుతున్నాడు.

తెచ్చి దగ్గర పెట్టుకోవచ్చు కదా అంటారు. పెట్టుకున్నవాళ్లను అడిగితే తెలుస్తుంది. ఊళ్లో అరుగు మీద కూర్చుంటే దారిన పోయేవాళ్లంతా పలకరిస్తారు. ఇక్కడ ఎనిమిదో అంతస్తులో టీవీయే దిక్కు. మతిమరుపు జబ్బు ముదిరిన తల్లి పొద్దుగూకేసరికి మూట కట్టుకుని ‘ఇంటికి పోదాం పా’ అంటుంది. ఇదే మన ఇల్లమ్మా అని చెప్పేకొద్దీ బెదురు ఎక్కువవుతుంది. ఏజెన్సీ పంపిన ఆయాకు ‘దప్పికయితాంది’ అంటే అర్థం కాదు. అమెరికాలో ఉండే అన్న వీడియో కాల్‌లో సలహాలిస్తాడు. పక్క గుడ్డలు మార్చేది మాత్రం కూతురో కోడలో. కొడుకుల కష్టం గురించి రాస్తూ ఆ చాకిరీని మరుగున పెట్టడం మాకిష్టం లేదు.

వయోవృద్ధుల పోషణకు 2007లో చట్టం వచ్చింది. కన్నవాళ్లను ఎక్కడో వదిలేసి పోతే మూడు నెలల దాకా జైలు, లేదా రూ.5,000 వరకు జరిమానా, లేదా రెండూ. చూసుకుంటామన్న షరతుతో రాయించుకున్న ఆస్తిని, చూడకపోతే 23వ సెక్షన్ కింద రద్దు చేయించుకోవచ్చు. ఇవి ఉండాల్సినవే. అయితే వదిలేసిన బిడ్డను గుర్తుపట్టిన ఆ చట్టానికి, వదలకుండా పట్టుకుని అలిసిపోయిన బిడ్డ కనబడడు. అందులో భరణానికి పెట్టిన గరిష్ఠ పరిమితి నెలకు రూ.10,000. బెంగళూరులో రాత్రింబవళ్లు ఉండే ఆయాకు అది చాలదు. ఆయుష్మాన్ భారత్‌ను 2024లో 70 ఏళ్లు నిండిన అందరికీ విస్తరించారు, సంతోషమే. ఏడాదికి రూ.5 లక్షల ఆ బీమా ఆస్పత్రిలో చేరితేనే అక్కరకొస్తుంది. ఇంట్లో మంచాన పడి గడిపే ఏళ్ల బరువు ఇంటివాళ్లదే.

డబ్బు కన్నా కరువైంది సమయం. బిడ్డ పుడితే తల్లికి 26 వారాల ప్రసూతి సెలవు 2017 నుంచి చట్టంలో ఉంది. తల్లి చనిపోతే కొన్ని రోజుల సెలవిచ్చే కంపెనీలూ ఉన్నాయి. ఆమె బతికుండగా, పిలిస్తే ఇంకా పలుకుతుండగా, పక్కన కూర్చోవడానికి మాత్రం అబద్ధపు జ్వరం తెచ్చుకోవాలి.

ఇలాంటి సెలవు ఇమ్మని ప్రైవేటు సంస్థల జోలికి ప్రభుత్వం ఎలా వెళ్తుందన్న ప్రశ్నకు జవాబు కర్ణాటకలోనే ఉంది. నెలసరి కోసం ఏడాదికి 12 రోజుల జీతపు సెలవును ప్రైవేటు రంగానికీ వర్తింపజేస్తూ 2025 అక్టోబరులో కర్ణాటక మంత్రివర్గం ఆమోదించింది. అదే చేత్తో కన్నవాళ్ల సంరక్షణకూ సెలవు పెట్టాలని మేము కోరుతున్నాం. అత్తమామలనూ అందులో చేర్చాలి. పెద్దాయన వేరే రాష్ట్రంలో ఉన్నా చెల్లాలి. జమ్మలమడుగు డాక్టరు రాసిచ్చిన చీటీని బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లోని కంపెనీ హెచ్‌ఆర్ ఒప్పుకోవాలి.