సవరణ: సిలువ ధ్యానం నోట్స్‌లో నాలుగో మాట

బెంగళూరు తెలుగు సంఘాల గుడ్ ఫ్రైడే ఆరాధనకు పంపిన నోట్స్‌లో, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల్లో నాలుగోదాని కింద "కుమారుడు శిక్ష భరించాకే తండ్రికి మనమీద ప్రేమ కలిగింది" అని రాశాను. అది తప్పు. మనమింకా పాపులమై ఉండగానే దేవుడు ప్రేమించాడు (రోమా 5:8). ఆ ప్రేమ వల్లే సిలువ. క్రీస్తును కరుణాధారంగా, అంటే పాపక్షమాపణకు ఆధారమైన బలిగా, నిలిపింది దేవుడే (రోమా 3:25-26): పాపాన్ని చూసీచూడనట్టు వదలకుండా, పాపిని నీతిమంతుడిగా తీర్చడానికి. కుమారుడూ తనంతట తానే ప్రాణం పెట్టాడు (యోహాను 10:18). న్యాయం తండ్రిది, దయ కుమారుడిది అని పంచేస్తే సండే స్కూలు పిల్లలకు తండ్రంటే భయమే మిగులుతుంది.

ప్రసంగించేవారు "ఏలీ, ఏలీ" (నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచావు) అనే ఆ నాలుగో మాట దగ్గరే ఆగొద్దు. ఆ కేక 22వ కీర్తన మొదటి మాట. 24వ వచనం దాకా చదవండి, బాధపడేవాడికి దేవుడు ముఖం దాచలేదని అక్కడుంది. మిగతా ఆరు మాటల నోట్స్ అలాగే వాడుకోవచ్చు.