బాణీ కట్టినవాళ్ల పేరు కూడా చెప్పండి

"నానాటి బతుకు నాటకము" ఎవరి పాట అని ఎవరినడిగినా అన్నమయ్యది అంటారు. నిజమే, మాట అన్నమయ్యదే. కానీ రేవతి రాగంలో మనందరికీ తెలిసిన ఆ వరస కర్ణాటక సంగీత విద్వాంసులు నెదునూరి కృష్ణమూర్తి గారిది. వింటున్నప్పుడు గొంతు పట్టేసినట్టు అవుతుందే, అందులో సగం ఆ వరస చేసే పని. ఈ రెండో పేరు మన నోటికి ఎందుకు రాదు? చాలాకాలంగా నన్ను తొలుస్తున్న విషయం ఇది. ఇవాళ పూర్తిగా రాసేస్తున్నాను.

అన్నమయ్య 1408లో తాళ్లపాకలో పుట్టాడు, 1503లో స్వామిలో కలిశాడు. 32,000 సంకీర్తనలు చెప్పాడని సంప్రదాయం. రాగిరేకుల మీద మనకు దక్కినవి 12,000 పైచిలుకు. ఆ రేకుల మీద పాటకు ముందు రాగం పేరుంటుంది: సామంతం, పాడి, సాళంగనాట, రామక్రియ, గుండక్రియ, ముఖారి, బౌళి... ఆ తర్వాత సాహిత్యం. స్వరం మాత్రం లేదు. అన్నమయ్య ఆ పల్లవిని ఎక్కడ ఎత్తుకున్నాడో, ఏ అక్షరం మీద నిలిచాడో చెప్పే ఆధారం ఆ రాగిలో లేదు. రేకులు తిరుమల గుడిలో తాళ్లపాకవారి అరలో శతాబ్దాల పాటు ఉండిపోయాయి. ఈలోగా పాడే పరంపర దాదాపుగా తెగిపోయింది.

త్యాగరాజస్వామి విషయంలో ఈ ఇబ్బంది ఇంతగా లేదు. ఆయన 1847లో సిద్ధి పొందే నాటికి వాలాజాపేట, ఉమయాళ్‌పురం, తిల్లైస్థానం శిష్యులు కీర్తనలను గొంతుల్లోకి, కాగితాల మీదకి తీసుకున్నారు. పాఠాంతరాలు ఎన్ని ఉన్నా దారం తెగలేదు. ముత్తుస్వామి దీక్షితుల కృతులైతే సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురంలో అచ్చు వేయించిన సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో గమకాల (స్వరాన్ని ఊపి పలికించే తీరుల) గుర్తులతో సహా ఉన్నాయి. ఆ మహాగ్రంథం అచ్చయింది తెలుగు లిపిలోనే. ఈ మాట ఎక్కడ చెప్పే అవకాశం వచ్చినా వదులుకోను.

కాబట్టి ఇవాళ మనం పాడుకునే అన్నమయ్య కీర్తనల బాణీలు దాదాపు అన్నీ గత వందేళ్లలోపు కట్టినవే. కట్టినవాళ్లకు పేర్లున్నాయి, ఊళ్లున్నాయి, వాళ్ల శిష్యులు ఇప్పటికీ మన మధ్య పాడుతున్నారు. ఏదో మరుగునపడిన పాతకాలపు సంగతి కాదిది.

మొదట రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారి పేరు చెప్పాలి. మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు చెప్పి, విశ్రాంతి తీసుకోవలసిన వయసులో తిరుపతికి వచ్చి రేకుల పరిష్కరణలో, అంటే వాటి మీది పాఠాన్ని సరిచూసి అచ్చుకు సిద్ధం చేసే పనిలో కూర్చున్నారాయన. అప్పటికి వేటూరి ప్రభాకరశాస్త్రి గారు ఆ పనికి గట్టి పునాది వేసి వెళ్లిపోయారు. రాళ్లపల్లివారు గాథాసప్తశతిని తెలుగు చేసిన కవి, వేమన మీద ఉపన్యాసాలిచ్చిన విమర్శకుడు, మద్రాసు సంగీత అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు పొందిన సంగీతజ్ఞుడు. ఈ మూడూ ఒక్క మనిషిలో ఉండటం అన్నమయ్యకు పట్టిన అదృష్టం. బాణీ కట్టడమంటే సాహిత్యాన్ని తీసుకెళ్లి ఒక రాగంలో పోయడం కాదు. అన్నమయ్య చరణం పొడుగ్గా సాగుతుంది, యతి ఒకచోట పడుతుంది, ప్రాస ఇంకోచోట, మాట మధ్యలో తాళం విరిగితే అర్థమే మారిపోతుంది. ఎక్కడ విరవాలో తెలియాలంటే ముందు ఆ కాలపు తెలుగు తెలియాలి. శర్మగారికి తెలుసు. నూరు పైచిలుకు కీర్తనలకు స్వరాలు కూర్చి, ఇవి మళ్లీ పాడుకోవచ్చు అని మనకు చూపించారు. 1979లో కన్నుమూశారు. ఆయన పేరు ఇవాళ ఎంతమంది సంగీతం పిల్లలకు తెలుసు?

నెదునూరి గారి దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, నాకు ఆయన బాణీలంటే ప్రాణం. "ఏమొకో చిగురుటధరమున" తీసుకోండి. దానికి తిలంగ్ రాగం ఎంచుకున్నారు. ఎక్కేటప్పుడు ఒక నిషాదం (ని స్వరం), దిగేటప్పుడు ఇంకో నిషాదం ఉండే రాగం. నాయిక పెదవి మీద ఆ కస్తూరి మరకేమిటని చెలులు విస్తుపోయి అడిగే ప్రశ్న ఆ పల్లవి. ఆ రెండు నిషాదాల మధ్య ఊగులాటలోనే ప్రశ్న వినిపిస్తుంది, విడిగా అభినయం అక్కర్లేదు. "నానాటి బతుకు"కు రేవతి. గాంధారం, ధైవతం (గ, ద స్వరాలు) లేని రాగం, వేదపఠనం ఛాయ ఉంటుందని పెద్దలంటారు. పుట్టుకా చావూ నిజం, మధ్యలోదంతా నాటకం అని చెప్పే మాటకు అంతకంటే తగిన రాగం ఏముంటుంది? రేవతి, తిలంగ్ అన్నవి రేకుల నాటి పేర్లు కావు. ఇది పూర్తిగా నెదునూరి గారి నిర్ణయం. ఒక 20వ శతాబ్దపు సంగీతజ్ఞుడు 15వ శతాబ్దపు కవిని చదివి, అర్థం చేసుకుని, తన బాధ్యత మీద తీసుకున్న నిర్ణయం. అలాంటి దాన్ని సృష్టి అనకపోతే ఇంక దేన్ని అంటాం?

ఇక గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గారు. 1978లో తిరుపతిలో మొదలైన, తిరుమల తిరుపతి దేవస్థానంవారి అన్నమాచార్య ప్రాజెక్టులో చేరి జీవితమంతా ఆ పాటలకే ఇచ్చేశారు. ఆరు వందలకు పైగా కీర్తనలకు వరసలు కట్టారు. "వినరో భాగ్యము విష్ణుకథ" అని శుద్ధ ధన్యాసిలో ఏ భజన బృందం ఎత్తుకున్నా అది ఆయన వరసే. సంగీతం నేర్చుకోనివాళ్లు కూడా నలుగురు కలిసి పాడుకోగలిగేంత సులువుగా ఉంటుంది, అయినా రాగం ఎక్కడా పలచబడదు. 2025 మార్చిలో ఆయన పోయినప్పుడు నివాళి పోస్టులు బోలెడు వచ్చాయి. కింద పెట్టిన వీడియోల్లో చాలావాటిలో వేరేవాళ్లు ఆయన బాణీని పాడుతున్నారు, వివరాల్లో ఆయన పేరు లేదు. ఆ రోజు చాలా కష్టంగా అనిపించింది నాకు.

అన్నమయ్య కీర్తనలున్న ఎమ్మెస్ సుబ్బులక్ష్మి గారి బాలాజీ పంచరత్నమాల రికార్డుల గురించి అందరికీ తెలుసు. ఆ రికార్డుల వెనక బాణీలు కట్టిన నెదునూరి, కడయనల్లూర్ వెంకటరామన్ లాంటివాళ్లు ఉన్నారన్నది మాత్రం సంగీతం లోపలివాళ్లకే తెలుసు.

ఆమధ్య ఒక పాటల పోటీలో ఒక చిన్నపాప "నానాటి బతుకు" చాలా బాగా పాడింది. నిర్వాహకుడు మైకు తీసుకుని, అన్నమయ్య రేవతి రాగంలో స్వరపరిచిన కీర్తన అని ప్రకటించాడు. న్యాయనిర్ణేతలు ఇద్దరూ సంగీతం తెలిసినవాళ్లే. ఎవరూ సరిదిద్దలేదు. ఆ పాప ఇక జీవితాంతం అదే నమ్ముతుంది, రేపు తన శిష్యులకు అదే చెబుతుంది. చరిత్ర ఇలాగే తప్పిపోతుంది.

యాప్‌లు, వీడియోల సంగతి ఇంకా ఘోరం. సంగీతం అన్నచోట "సంప్రదాయం" అని ఉంటుంది, లేదా కీబోర్డు, తబలా అమర్చినవారి పేరుంటుంది. వాద్యాలు అమర్చడం గొప్ప పనే, కాదనను. కానీ బాణీ ఆయనది కాదు కదా! వివిధభారతి రోజుల్లో ప్రతి పాటకూ సాహిత్యం ఎవరు, సంగీతం ఎవరు, గానం ఎవరు అని చెప్పేవారు. సినిమా పాటల రచయితలు, సంగీత దర్శకుల పేర్లు మనలో చాలామందికి అలా వినే వచ్చాయి. ఇప్పుడు తెరమీద జాగాకు కొదవే లేదు, అయినా పేరు లేదు. 1997లో అన్నమయ్య సినిమా వచ్చాక ఇంకో గందరగోళం కూడా చేరింది. కీరవాణి గారికి జాతీయ పురస్కారం తెచ్చిన సంగీతం, ఆ సినిమా అంటే నాకూ ఇష్టమే. కానీ అందులో వేటూరి సుందరరామ్మూర్తి గారు రాసిన "తెలుగు పదానికి జన్మదినం" అన్నమయ్య కీర్తనే అనుకునేవాళ్లు ఇప్పటికీ తగులుతుంటారు.

ఇది మర్యాద ప్రశ్న మాత్రమే కాదు. 1957 కాపీరైటు చట్టం ప్రకారం సాహిత్యం వేరు, సంగీతం వేరు. అన్నమయ్య మాట అందరిదీ. కానీ బాణీకి దాన్ని కట్టినవారి జీవితకాలం, ఆ పైన 60 ఏళ్లు రక్షణ ఉంటుంది. నెదునూరి గారు 2014లో పోయారు, అంటే 2074 దాకా. ఉద్యోగంలో ఉండి కట్టిన వాటికి హక్కుదారు సంస్థ కావచ్చు, అది వేరే లెక్క. అయినా ఇది నా సృష్టి అని చెప్పుకునే హక్కు 57వ సెక్షన్ కింద సృష్టికర్తకే ఉంటుంది, హక్కులు ఎవరికి రాసిచ్చినా సరే. నేను డబ్బు గురించి మాట్లాడటం లేదు. ఒక్క పేరు గురించి.

భక్తి పాటకు పేరెందుకండీ, వాళ్లూ స్వామి సేవ అనుకునే చేశారు అంటారు కొందరు. వాళ్ల వినయం వాళ్లది. దాన్ని అడ్డుపెట్టుకుని పేరు ఎగ్గొట్టే హక్కు మనకెక్కడిది? తాళ్లపాకవారు కూడా భక్తులే. అయినా రేకుల మీద అన్నమాచార్యులవి, కొడుకు పెద తిరుమలాచార్యులవి, మనవడు చిన తిరుమలాచార్యులవి కలగాపులగం చేయకుండా ఎవరివి వాళ్లవిగా చెక్కించారు. అందుకే ఇవాళ ఏ పాట ఎవరిదో చెప్పగలుగుతున్నాం. పైగా మాటా బాణీ రెండూ తనే కట్టే వాగ్గేయకారుడికి చరణంలో తన పేరు ముద్రగా వేసుకునే వీలుంది. త్యాగరాజు పేరు త్యాగరాజ కీర్తనలోనే ఉంటుంది, రామదాసు పేరు రామదాసు కీర్తనలోనే ఉంటుంది. బాణీ కట్టినవాడికి ఆ చోటు లేదు. స్వరంలో పేరు పట్టదు. పాడేవాళ్లు నోటితో చెబితేనే ఉంటుంది, లేకపోతే ఒక తరంలో పోతుంది.

ఇంకో నష్టం కూడా ఉంది. బాణీలన్నీ అన్నమయ్యవే అనుకుంటే, ఇక కట్టడానికేముంది అనిపిస్తుంది. నిజానికి రేకుల మీద వేల పాటలు ఇంకా వరస కోసం ఎదురుచూస్తున్నాయి. సభల్లో మాత్రం తిరిగి తిరిగి అవే వినిపిస్తున్నాయి. రాళ్లపల్లివారు, నెదునూరివారు చేసింది మనుషులు చేసిన పని అని తెలిస్తేనే, మనమూ చేయొచ్చన్న ధైర్యం ఇప్పటి పిల్లలకు వస్తుంది.

సంగీతం చెప్పే టీచర్లకు నా విన్నపం: పిల్లల పుస్తకంలో రాగం, తాళం, రచన అని రాయిస్తారు కదా, కింద స్వరకల్పన అని ఇంకో గీత గీయించండి. ఎవరిదో తెలియకపోతే మీ గురువుగారిని అడిగి, ఆయన ఎవరి దగ్గర నేర్చుకున్నారో కనుక్కుని నింపండి. వీడియోలు పెట్టేవాళ్లు, సభల్లో మైకు పట్టుకునేవాళ్లు ఆ నాలుగో గీత కూడా చదవండి.