ముందు మనం సంతకం పెడదాం

విదేశాల నుంచి మన తెలుగు సంఘం తరఫున డిసెంబరు సేవా కార్యక్రమాలకని వెళ్లినప్పటి విజయవాడ సభ మీకు గుర్తుండే ఉంటుంది. శాలువాలు, జ్ఞాపికలు అయ్యాక మనవాళ్లలో ఒకరు మైకు తీసుకుని, ప్రభుత్వం తప్పుకుంటే చాలు, మార్కెట్టే దేశాన్ని బాగుచేస్తుందన్నారు. హాలంతా చప్పట్లు. నా పక్కన మా బాబాయ్ కూర్చున్నాడు. సొంత బాబాయ్ కాదు, మా రెండెకరాలు కౌలుకు చేసే మనిషి, నన్ను చూడాలని సత్తెనపల్లి వైపు నుంచి బస్సెక్కి వచ్చాడు. "మార్కెట్టంటే మన యార్డేనా అమ్మా?" అని అడిగాడు.

చిన్నప్పుడు నాన్నతో గుంటూరు మిర్చి యార్డుకి తెల్లారకముందే వెళ్లేదాన్ని, ఘాటుకి తుమ్ములు ఆగేవి కావు. వ్యాపారి మా టిక్కీలోంచి, అంటే మిర్చి బస్తాలోంచి, గుప్పెడు కాయ తీసి, ఒకటి విరిచి చూసి, తాలు (రంగు పోయిన నాసి కాయ) ఎక్కువుందనేవాడు. తర్వాత ఆయనా, కమీషన్ ఏజెంటూ తువ్వాలు కింద చేతులు పెట్టి వేళ్లు నొక్కుకుంటూ ధర తేల్చేవాళ్లు. నాన్న పక్కన నిలబడి వాళ్ల మొహాల వంక చూస్తుండేవాడు. బాబాయ్‌కి తెలిసిన మార్కెట్ అదే.

అన్నీ సర్కారే చెయ్యాలని నేననను. ఫోను కనెక్షన్ కోసం ఏళ్లు ఆగిన ఇల్లు మాది, 1991లో పీవీ, మన్మోహన్ మార్కెట్‌కి తలుపులు తెరవకపోతే నాకీ ఉద్యోగం లేదు. కానీ మా చేలో పారింది సాగర్ కుడికాలువ నీళ్లు, నాన్న వేసింది లాం ఫారం (గుంటూరు దగ్గరి ప్రభుత్వ వ్యవసాయ పరిశోధన కేంద్రం) విత్తనం, నేను చదివింది జిల్లా పరిషత్ హైస్కూలు. వీటిమీద ఎదిగి విమానమెక్కిన మనం, వెనకున్నవాళ్లకి అవి అక్కర్లేదని ఎలా అంటాం?

అసలు బాధ వేరే ఉంది. ఆంధ్రప్రదేశ్ 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం, భూమి యజమాని 11 నెలల ఒప్పందం మీద సంతకం పెడితేనే కౌలురైతుకి సాగుదారు కార్డు. అది లేకపోతే బ్యాంకు అప్పు, పంట బీమా, నష్టపరిహారం దేనికైనా తిప్పలే, చివరికి పురుగుమందుల కొట్లో వడ్డీకి అరువు. ఆ కార్డు పంటకే గానీ భూమి మీద హక్కివ్వదు, అయినా పొలం పోతుందేమోనని మనకి టెన్షన్. నేనూ రెండేళ్లు బాబాయ్‌కి ఫోన్లో "చూద్దాంలే" అన్నాను. సభ మర్నాడు వీఆర్వో ముందు సంతకం పెట్టాను. బాబాయ్ ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి, పాస్‌బుక్ కవర్లో దోపి, చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు.

మనలో చాలామందికి ఊళ్లో పొలాలున్నాయి. సంక్రాంతికి వెళ్లేవాళ్లు దయచేసి ఆ సంతకం పెట్టి రండి. దేశానికి ఏ విధానం మంచిదో వచ్చే సభలో వాదించుకుందాం, ఆ వేదిక మీద ఒక కౌలురైతుని కూడా కూర్చోబెట్టుకుని.