పాఠాలకు కొరత లేదు, పలకరించేవాళ్లకే కొరత

జూలైలో ఒకసారి, జనవరిలో ఒకసారి అడ్మిషన్ల సీజన్ వస్తుంది. ఫోన్ తెరిస్తే చాలు, ఇంట్లో కూర్చునే డిగ్రీ, ఉద్యోగం మానకుండానే ఎంబీఏ అంటూ ప్రకటనలు. వీటిని చూసి చేరేవాళ్లు అమాయకులేం కాదు. ఇంటర్ తర్వాత ఇంటి పరిస్థితి బాగోక షాపులో పనికి కుదిరిన కుర్రాడు, పిల్లలు బడికి వెళ్లే వయసొచ్చాక ఆగిపోయిన చదువు మళ్లీ మొదలుపెట్టాలనుకున్న గృహిణి, డిగ్రీ లేక ప్రమోషన్ ఆగిపోయిన ఉద్యోగి, దుబాయ్‌లో డ్యూటీ దిగాక ల్యాప్‌టాప్ ముందు కూర్చునే నిజామాబాద్ యువకుడు. వీళ్లందరికీ చదువు నిజంగా అవసరం. ఫీజు కట్టి చేరడం పది నిమిషాల పని. పూర్తి చేయడం దగ్గరే చాలామంది జారిపోతున్నారు.

ఎందుకు జారిపోతున్నారన్న ప్రశ్నకు 'బద్ధకం' అని జవాబు చెప్పి తప్పించుకోవడం మనకు అలవాటైపోయింది. నేను ఒప్పుకోను. కాలేజీలో ఒక విద్యార్థి వారం రోజులు కనిపించకపోతే పక్క బెంచీ స్నేహితుడైనా ఫోన్ చేస్తాడు. హాజరు పట్టీలో గైర్హాజరు పడుతుంది, ఇంటికి కబురు వెళుతుంది. ఆన్‌లైన్ విద్యార్థి నెల రోజులు లాగిన్ కాకపోయినా చాలాచోట్ల ఎవరికీ పట్టదు. తాను ఆగిపోయానని తనకు తప్ప ఇంకెవరికీ తెలియకపోవడమే అసలు ప్రమాదం.

హార్వర్డ్, ఎంఐటీ సంస్థల ఉచిత ఆన్‌లైన్ కోర్సుల మీద 2019లో 'సైన్స్' పత్రికలో ఒక విశ్లేషణ వచ్చింది. పేరు నమోదు చేసుకున్నవాళ్లలో సగం మందికి పైగా కోర్సు తెరిచి కూడా చూడలేదు. 2017-18లో చేరినవాళ్లందరినీ లెక్కలోకి తీసుకుంటే చివరిదాకా వెళ్లినవాళ్లు 3 శాతం పైచిలుకు మాత్రమే. డబ్బు కట్టి సర్టిఫికెట్ దారి ఎంచుకున్నవాళ్లలో మాత్రం 46 శాతం దాకా పూర్తి చేశారు. ఉచిత కోర్సు వేరు, డిగ్రీ వేరు, నిజమే. కానీ ప్రపంచంలో పేరున్న ప్రొఫెసర్లు చెప్పిన పాఠాలకే ఈ గతి పట్టిందంటే, మంచి వీడియో ఒక్కటే మనిషిని చివరిదాకా నడిపించలేదని అర్థమవుతోంది కదా.

ఈ సంగతి తెలుగు నేలకు కొత్తేమీ కాదు. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లోనే పుట్టింది. అప్పట్లో అది ఆంధ్రప్రదేశ్ ఓపెన్ యూనివర్సిటీ, ఇప్పుడు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. దానికి తొలి వైస్ చాన్సలర్ కరీంనగర్ జిల్లాకు చెందిన జి. రాంరెడ్డి. 1985లో దేశమంతటికీ కలిపి కేంద్రం పెట్టిన సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇగ్నో ఏర్పడినప్పుడు దానికీ ఆయనే తొలి వైస్ చాన్సలర్. పుస్తకాలు పోస్టులో పంపి చేతులు దులుపుకోకుండా, ఊళ్లలోని కాలేజీల్లో స్టడీ సెంటర్లు పెట్టి, సెలవు రోజుల్లో కాంటాక్ట్ క్లాసులు నడిపే పద్ధతి అలా వేళ్లూనుకుంది. ఆ క్లాసులో లెక్చరర్ ఎంత చెప్పారన్నది ఒక ఎత్తు. తనలాంటివాళ్లు ఇంకో ఇరవై మంది ఉన్నారని విద్యార్థికి కళ్లారా కనిపించడం మరో ఎత్తు. బస్సెక్కి వెళ్లిన ఆదివారం వృథా అయిందని అప్పట్లో విసుక్కున్నవాళ్లు ఉంటారు. అయినా చదువు కొనసాగడానికి ఆ ఆదివారాలు చాలామందికి ఆసరా అయ్యాయని నా నమ్మకం. పూర్తి ఆన్‌లైన్ కోర్సుల్లో పోయింది ఆ ఆసరానే. దాన్ని మళ్లీ ఎక్కడ సంపాదించుకోవాలన్నది విద్యార్థి ముందున్న మొదటి పని.

దానికంటే ముందు ఒక లెక్క వేసుకోవాలి. చేరేటప్పుడు ఈ లెక్క ఎవరూ చెప్పరు. మన దూరవిద్య, ఆన్‌లైన్ డిగ్రీల్లో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. వినడం, చదవడం, అసైన్‌మెంట్ రాయడం అన్నీ అందులోనే. మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు అనుకుంటే ఏడాదికి 40 క్రెడిట్లు, అంటే 1,200 గంటలు. వారానికి 23 గంటలు. పండగలు, పెళ్లిళ్లు, జ్వరాలు ఏవీ లేకుండా రోజుకు మూడు గంటలకు పైగా. ఎనిమిది గంటల ఉద్యోగం, రానూపోనూ రెండు గంటల ప్రయాణం, ఆపై ఇంటి పని ఉన్న మనిషికి ఇది సాధ్యమేనా? కొందరికి సాధ్యం. చాలామందికి కాదు. సాధ్యం కానప్పుడు తప్పు తమదేననుకుని కుమిలిపోతారు. నిజానికి తప్పు లెక్కలో ఉంది.

దీనికి మార్గం కూడా నిబంధనల్లోనే ఉంది, వాడుకునేవాళ్లు తక్కువ. ఇగ్నోలో మూడేళ్ల డిగ్రీని ఆరేళ్ల లోపు పూర్తి చేయొచ్చు. ఐఐటీ మద్రాస్ 2020లో మొదలుపెట్టిన డేటా సైన్స్ డిగ్రీలో ఒక టర్మ్‌కు ఎన్ని కోర్సులు తీసుకోవాలో విద్యార్థే తేల్చుకుంటాడు, ఫీజు కోర్సు లెక్కన కడతాడు. ఒక్కో కోర్సుకు వారానికి పది గంటలు కావాలని ఆ సంస్థే చెబుతోంది. ఉద్యోగస్తుడు రెండు కోర్సులు తీసుకుంటే ఆదివారాలు వాటికే పోతాయి, నాలుగు తీసుకుంటే బ్యాక్‌లాగ్‌లు మిగులుతాయి. ఐఐటీలు కలిసి నడిపే ఆన్‌లైన్ కోర్సుల వేదిక ఎన్‌పీటెల్‌లో 12 వారాల కోర్సుకు అసైన్‌మెంట్లన్నీ రాయకపోయినా, ఎక్కువ మార్కులొచ్చిన ఎనిమిదింటినే లెక్కలోకి తీసుకుంటారు. రెండు వారాలు ఆసుపత్రి చుట్టూ తిరిగినా కోర్సు చేజారిపోదన్నమాట. నెమ్మదిగా చదవడాన్ని మన సమాజం ఫెయిలవడంతో సమానంగా చూస్తుంది. 'ఇంకా అవలేదా?' అని అడిగే బంధువు ప్రతి ఇంట్లో ఉంటాడు. ఆ మాటకు భయపడి నాలుగు పేపర్లు ఒకేసారి నెత్తికెత్తుకోవడం కంటే ఆరేళ్లలో నిమ్మళంగా పాసవడం మేలు.

ఇక సాయం సంగతి. సాయం లేదనడం సగమే నిజం. ఉన్నది ఎక్కడుందో చేరిన మొదటి పదిహేను రోజుల్లోనే తెలుసుకోవాలి. పరీక్షకు వారం ముందు వెతికితే హెల్ప్‌లైన్ బిజీగానే వస్తుంది. ఇగ్నో పుస్తకాలు దాని ఈ-జ్ఞాన్‌కోశ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. వేరే యూనివర్సిటీలో చదివేవాళ్లు కూడా వాటిని చదువుకోవచ్చు. ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీ ఉంది. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయం పోర్టల్ 2017 నుంచి నడుస్తోంది. ఎన్‌పీటెల్‌లో చాలా కోర్సుల పాఠాలకు తెలుగు అనువాదం దొరుకుతుంది. కొన్ని కోర్సులకు పరిశోధక విద్యార్థులు వారం వారం లైవ్ సెషన్లు పెట్టి డౌట్లు తీరుస్తారు. అంబేద్కర్ వర్సిటీ తెలుగు పుస్తకాల విలువ గ్రూప్స్‌కు చదివేవాళ్లని అడిగితే చెబుతారు. ఇంగ్లిష్ పాఠం ఎక్కడం లేదనిపిస్తే ముందు అదే అంశాన్ని ఆ పుస్తకంలో తెలుగులో చదివి, తర్వాత వీడియో చూడండి. సగం భారం తగ్గుతుంది.

డౌట్ అడగడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే తెలుగు మీడియంలో చదువుకున్న పిల్లలు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. కోర్సు చర్చా వేదికలో అందరూ గడగడా ఇంగ్లిష్‌లో రాస్తుంటే తన వాక్యంలో తప్పులుంటాయేమోనని రాసింది చెరిపేస్తారు. ఒక్కసారి చెరిపేస్తే మళ్లీ రాయరు. వచ్చిన ఇంగ్లిష్‌లోనే రాయండి, ఫలానా వీడియోలో ఫలానా నిమిషం దగ్గర ఈ మెట్టు అర్థం కాలేదని స్పష్టంగా చెప్పండి. 'ఈ చాప్టర్ అర్థం కాలేదు' అంటే ఎవరూ బదులివ్వలేరు. 'మూడో లైన్ నుంచి నాలుగో లైన్ ఎలా వచ్చింది' అని అడిగితే పది నిమిషాల్లో జవాబొస్తుంది. సబ్జెక్టు తెలిసినవాళ్లు వ్యాకరణం చూడరు.

తోటి విద్యార్థుల విషయంలో ఐఐటీ మద్రాస్ డిగ్రీ వాళ్లు ఒక మంచి పని చేశారు. దేశమంతటా చెల్లాచెదురుగా ఉన్న విద్యార్థులను అడవుల పేర్లున్న 'హౌస్'లుగా విడగొట్టారు, అందులో మన నల్లమల పేరూ ఉంది. ముఖం చూడని వేలమందిలో ఒక చిన్న గుంపు తనదనిపించడానికి ఈ ఏర్పాటు పనికొస్తుంది. మీ యూనివర్సిటీలో అలాంటిది లేకపోతే మీరే కట్టుకోవాలి. ఐదారుగురు చాలు. అదే కోర్సు, వీలైతే అదే జిల్లా. వారానికోసారి అరగంట ఫోన్ కాల్, ఎవరు ఎంతవరకు వచ్చారన్నది చెప్పుకోవడం, రెండు వారాలు కనిపించనివాళ్లకి ఫోన్ చేయడం. అంతే ఒప్పందం. ఆ రెండో కాల్ చేసే మనిషే ఆన్‌లైన్ విద్యార్థికి అందరికంటే విలువైన వనరు.

అయితే రెండు వేల మంది ఉండే వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపులను దీనితో కలపొద్దు. తేదీలు తెలుసుకోవడానికి అవి పనికొస్తాయి. అక్కడే రాసిపెట్టిన అసైన్‌మెంట్ల పీడీఎఫ్‌లు అమ్ముతారు, పుకార్లూ పుడతాయి. ఇగ్నోలో చాలా కోర్సులకు 30 శాతం మార్కులు అసైన్‌మెంట్లవే. కొనుక్కున్న జవాబు ఎక్కించుకుంటే ఆ 30 రావొచ్చేమో, మిగతా 70 శాతానికి పరీక్ష హాల్లో ఒంటరిగా కూర్చోవాల్సిందే. అసైన్‌మెంట్ అనేది పరీక్షకు ముందు ఎవరో ఒకరు మన జవాబు చదివే ఒకే ఒక్క అవకాశం. దాన్ని చేజేతులా వదులుకోవడం నాకు బాధగా అనిపిస్తుంది.

చదివే పద్ధతిలో ఒక్క మార్పు చెబుతాను. వీడియో రెండోసారి చూడటం మానేసి, ఒకసారి చూశాక ఏం విన్నారో పుస్తకం చూడకుండా రాయండి. 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థుల మీద చేసిన ప్రయోగంలో, మళ్లీ మళ్లీ చదివినవాళ్లకంటే చదివాక గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లకే వారం తర్వాత ఎక్కువ గుర్తుంది. ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో మాత్రం మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. అందుకే వీడియో మళ్లీ చూస్తే వచ్చినట్టే అనిపిస్తుంది, హాల్లో పెన్ను కదలదు. ఇంకో సంగతి, ఫోన్ తెర మీద ఏడాది చదివి చాలామంది చివరికి మూడు గంటలు కాగితం మీద రాయాలి. చేతికి రాసే అలవాటు తప్పిపోయి ఉంటుంది. పరీక్షకు నెల ముందు నుంచి పాత ప్రశ్నపత్రం ఒకటి గడియారం పెట్టుకుని రాయాల్సిందే.

చేరకముందు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ఆ కోర్సుకు, ఆ ఏడాదికి యూజీసీ దూరవిద్యా విభాగం అనుమతి ఉందో లేదో దాని వెబ్‌సైట్‌లోనే చూడండి, ఏజెంటు మాట మీద ఆధారపడొద్దు. 2024 నుంచి డెబ్ ఐడీ, అంటే ఆ విభాగం పోర్టల్‌లో విద్యార్థి తీసుకునే గుర్తింపు సంఖ్య, లేకుండా ప్రవేశం చెల్లదు. ఇంజనీరింగ్, నర్సింగ్, ఫార్మసీ, న్యాయశాస్త్రం ఈ పద్ధతిలో ఇవ్వడానికి వీల్లేదు. 2025 జూలై-ఆగస్టు నుంచి సైకాలజీనీ ఆ జాబితాలో చేర్చారు. గుర్తింపు ఉన్న ఆన్‌లైన్ డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమని యూజీసీ 2022లో స్పష్టంగా చెప్పింది కాబట్టి ఆ విషయంలో టెన్షన్ అక్కర్లేదు.

చూపులేనివాళ్లకు సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ లైబ్రరీలో వినగలిగే, బ్రెయిలీలో చదవగలిగే పుస్తకాలున్నాయి. పరీక్షలో స్క్రైబ్ (చెప్పింది రాసిపెట్టే మనిషి), అదనపు సమయం వికలాంగ విద్యార్థులకు హక్కు, అయితే ముందే దరఖాస్తు చేసుకోవాలి. రాత్రి పన్నెండింటికి తెర ముందు కూర్చుని ఇక నా వల్ల కాదనిపించినప్పుడు 14416కు ఫోన్ చేయొచ్చు. అది టెలీ మానస్, ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

గృహిణుల పరిస్థితికి ఈ సలహాల్లో ఏదీ పూర్తిగా సరిపోదు. ఫోన్ ఇంట్లో అందరిదీ, సమయం అందరిదీ. పిల్లవాడు ఫోన్ అడిగితే అమ్మ పాఠమే ఆగుతుంది. ఇక్కడ కావాల్సింది ఇంట్లోవాళ్ల సహకారం. రోజులో ఒక గంట ఆమెదని భర్త, అత్తమామలు ఒప్పుకుని ఆ గంట వంటింటి పని ఇంకొకరు చూడాలి. పాఠాలు ఇంట్లో డౌన్‌లోడ్ చేసుకుని గ్రంథాలయంలోనో స్టడీ సెంటర్లోనో చదువుకునే వీలుంటే ఇంకా మంచిది. మన మండల గ్రంథాలయాలకు వైఫై, నాలుగు కంప్యూటర్లు, ఆడవాళ్లకు ఒక గది ఇవ్వడం ప్రభుత్వాలకు పెద్ద ఖర్చేం కాదు.

ఇంతా చెప్పి భారమంతా విద్యార్థి మీదే వేయడం న్యాయం కాదు. ఎవరు ఎప్పుడు లాగిన్ అయ్యారో, ఏ వీడియో దగ్గర ఆగిపోయారో యూనివర్సిటీ కంప్యూటర్లో ప్రతి క్షణం నమోదవుతూనే ఉంటుంది. ఫీజు గడువు దగ్గరపడితే రోజుకో మెసేజ్ పంపే వ్యవస్థకు, రెండు వారాలు లాగిన్ కాని విద్యార్థికి తెలుగులో ఒక ఫోన్ కాల్ చేయించడం కష్టమా? దానికి కొత్త టెక్నాలజీ అక్కర్లేదు, కొంతమంది మనుషులు, వాళ్లకు జీతం కావాలి. అలాగే ఎంతమంది చేరారన్న అంకెతో పాటు, వాళ్లలో ఎంతమంది గడువులోపు పాసయ్యారో ప్రతి కోర్సుకూ ప్రకటించమని యూజీసీ ఆదేశించాలి. ఆ రెండో అంకె ప్రాస్పెక్టస్‌లోకి ఎక్కేదాకా, చేరబోయేవాళ్లు ఫీజు కట్టే ముందు అడ్మిషన్ కౌన్సెలర్‌ను ఆ ప్రశ్నే అడగాలి.