ఇరవైకి ఇరవై

మొన్న శని, ఆదివారాల్లో హైదరాబాదులో జరిగిన ఒక చేతిపనుల సంతలో నా స్టాలు చూసినవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, ముందుగా ఒక మాట. నేను మోసగత్తెను కాను.

జరిగింది ఇది. కరెంటు తీగ మీద కూర్చున్న కాకిని లినోలియం ముక్క మీద చెక్కాను. రోలరుతో నల్లసిరా పట్టించి, పైన కాగితం పరిచి, అన్నం గరిటె వీపుతో రుద్ది, ఇరవై అచ్చులు తీశాను. నూనె సిరా, పైగా వానాకాలం. పది రోజులు మా ఇంట్లో దండెం నిండా కాకులు వేలాడాయి. ఉతికిన బట్టలు కుర్చీల మీద ఆరాయి. ఆ కష్టమంతా రాయబోవడం లేదు, ఎందుకంటే సంతలో కూడా దాని గురించి ఎవరూ అడగలేదు.

వెనక గట్టి అట్ట, పైన పారదర్శకమైన కవరు, అంతే పెట్టి అమ్ముదామని నా లెక్క. బుధవారం రాత్రి పదకొండింటికి నిర్వాహకుల నుంచి సందేశం వచ్చింది: "గోడకు తగిలించు చిత్రములు విధిగా ఫ్రేములోనే ఉండవలెను." ఆరడుగుల స్టాలుకు అద్దె రెండు నెలల ముందే గుంజుకున్నవాళ్ళకు ఈ సంగతి సంతకు మూడు రోజుల ముందు గుర్తొచ్చింది. ఎవరు పంపారో తెలియదు. కింద 'కమిటీ' అని మాత్రం ఉంది. కమిటీతో ఎవరు పోట్లాడగలరు?

మా వీధి చివర ఫ్రేముల దుకాణం ఉంది. అందులో ఒక గోడ నిండా దేవుళ్ళు, ఎదుటి గోడ నిండా పోయినవాళ్ళు. మధ్యస్థంగా ఉండే బొమ్మలకు అక్కడ మేకు లేదు. దుకాణం ఆయన నా కాకుల కట్ట విప్పి, కాసేపు చూసి, "కాకిని పిలిచేది ఏడాదికి ఒక్కరోజే కదా మేడమ్, గోడకు పెట్టుకుంటారా?" అన్నాడు. పెట్టుకుంటారన్నాను. నా గొంతులో నాకే నమ్మకం వినిపించలేదు.

చెప్పవలసినవన్నీ చెప్పాను. బంగారు రంగు పట్టీ వద్దు, సన్నటి నల్లది చాలు. చుట్టూ రెండంగుళాల తెల్లటి మౌంటు బోర్డు, అంటే బొమ్మ మేరకు మధ్యలో కిటికీ కోసిన అట్ట, ఉండాలి, లేకపోతే సిరా అద్దానికి తగిలి చెమ్మకు అతుక్కుపోతుంది. కాగితం వెనకంతా జిగురు పూయొద్దు, పైన రెండు చిన్న పట్టీలతో వేలాడదీస్తే చాలు. అన్నిటికన్నా ముఖ్యం, బొమ్మ కింద పెన్సిల్‌తో రాసిన అంకె, సంతకం కనబడేలా మౌంటు కిటికీ కోయాలి. "అంకె కనబడాలి" అని మూడుసార్లు అన్నాను. ఆయన మూడుసార్లూ తల ఊపాడు.

ఆ అంకె సంగతి ఇక్కడ చెప్పాలి. చేత్తో తీసిన అచ్చు కింద ఎడమవైపు 3/20 అని ఉంటే, మొత్తం ఇరవై తీశారు, ఇది మూడోది అని అర్థం. కుడివైపు సంతకం. రెండూ పెన్సిల్‌తోనే. విస్లర్ వంటి చిత్రకారులు పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఈ పెన్సిల్ సంతకాన్ని అలవాటు చేశారు. ఇది యంత్రం కొట్టింది కాదు, చెయ్యి తాకింది అని కొనేవాడికి ధీమా. పెన్సిల్ ఎండకు వెలిసిపోదు, వందేళ్ళు నిలుస్తుంది. రబ్బరు ముక్క ముందు మాత్రం నిలవదు.

శుక్రవారం రాత్రి కట్ట తెచ్చుకున్నాను. ఒక్కొక్కటీ పాత పేపర్లో చుట్టి, పురికొసతో కట్టి ఉంది. విప్పలేదు. శనివారం పొద్దున స్టాల్లో విప్పి, హడావిడిగా తగిలించి, రెండడుగులు వెనక్కి వేసి చూశాను.

మొదటి కాకి కింద, ఎర్ర పెన్నుతో, 20/20. కింద రెండు గీతలు.

రెండో కాకి కింద 20/20. రెండు గీతలు. మూడో కాకి కింద అదే. నేను నాలుగోదాన్ని చూడకుండా ఐదోదానికి వెళ్ళాను, అక్కడైనా తేడా ఉంటుందని. లేదు. ఇరవై కాకులూ నూటికి నూరు శాతంతో ఉత్తీర్ణత సాధించి, నావైపు పక్కచూపు చూస్తున్నాయి. ఆ గీతలు కూడా మామూలు గీతలు కావు. లెక్కల మాస్టారు జవాబు పత్రం చివర, పెన్ను ఎత్తకుండా, చివర కొంచెం తోక వదిలి లాగే గీతలు. ఆ చేతివాటం పన్నెండేళ్ళు చదువుకున్నవాడికి గాని రాదు.

ఫోను చేశాను. "మా వాడు వేశాడు మేడమ్," అన్నాడాయన సంతోషంగా. వాడు ఇంటర్ రెండో ఏడు. "మీరు అంకె కనబడాలన్నారు కదా, చూస్తే ఒకదానికి రెండు, ఒకదానికి ఏడు, ఇంకోదానికి మరీ ఒకటే. అట్లా ఉంటే మంచి మార్కులవే ఏరుకుంటారు, మిగతావి మీకే మిగిలిపోతాయి కదా అన్నాడు. పెన్సిల్ అయితే చెరిగిపోతుందని పెన్నుతో వేశాడు. దానికి డబ్బులేమీ వద్దు."

తిట్టడానికి నోరు తెరిచాను, వాడి వాదనలో తప్పు దొరకలేదు. వెనక విప్పి సరిచేద్దామంటే అంగుళానికొక మేకు, పైన గోధుమరంగు కాగితం. నా దగ్గర ఉన్నది జడపిన్ను.

నిజానికి ఇలా దిద్దడం మనకు కొత్త కాదు. 1894లో బొంబాయిలో పెట్టిన ప్రెస్సు నుంచి రవివర్మ లక్ష్ములు, సరస్వతులు ఇంటింటికీ వచ్చినప్పుడు, కొందరు వాటికి నిజం జరీ, గుడ్డ, తళుకులు అతికించి చీర కట్టి మరీ అద్దంలో పెట్టించుకున్నారు. రవివర్మ అంతటివాడికే జరీ తప్పనప్పుడు నాకు మార్కులు ఎందుకు తప్పుతాయి?

పదకొండింటికి ఒక పెద్దాయన వచ్చాడు. చేతులు వెనక్కి కట్టుకుని, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి, ముందు కింది అంకె చూసి ఆ తర్వాతే బొమ్మ చూసే రకం. వ్యవహారం తెలిసినవాడని అప్పుడే అర్థమైంది, కడుపులో గుబులు మొదలైంది. ఆయన ఒక్కో ఫ్రేము ముందూ ఆగాడు. ఏడో కాకి దగ్గర నావైపు చూశాడు. పన్నెండో కాకి దగ్గర కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"అన్నీ ఇరవయ్యోవేనా అమ్మా?"

"అవునండీ."

"మరి మొదటి పంతొమ్మిదీ?"

"అవీ ఇవేనండీ."

ఆయన ఇంకేమీ అనలేదు. నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. ఆ నమస్కారం ఇప్పటికీ గుచ్చుతోంది, తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత తల్లులు వచ్చారు. తొమ్మిదో తరగతి పిల్లవాడి భుజం పట్టుకుని ఒకావిడ, "పైన కాదురా, కింద చూడు," అంది. చదువుకునే బల్ల ఎదురుగా పెడతానని కొనుక్కుపోయింది. ఆవిడ వెనక ఇంకొకావిడ. ట్యూషన్ సెంటరు నడిపేవారొకరు ఒకేసారి మూడు తీసుకున్నారు. సాయంత్రానికి పదకొండు కాకులు ఎగిరిపోయాయి. రెక్కల ఈకలు చెక్కడానికి నాకు తొమ్మిది రాత్రులు పట్టిందని ఒకరికి చెప్పబోతే, "సంతకం ఎందుకండీ, తల్లిదండ్రులు పెట్టాలా?" అని అడిగారు.

బల్ల మీద రెండు విడి కాగితాలు కూడా పెట్టాను. లెక్కలో చేరకుండా చిత్రకారులు తమకోసం ఉంచుకునే ప్రతులు అవి. వాటి మీద ఎ/పి అని రాస్తారు, ఆర్టిస్టు ప్రూఫ్ అని. "ఇవి ఆంధ్ర కాపీలా? తెలంగాణవి అయిపోయాయా?" అన్నాడు ఒక కుర్రాడు. ఆర్టిస్టు, ప్రూఫ్ అని విడమరిచి చెప్పాను. "విడిపోయి ఇన్నేళ్ళయింది, చెరొకటి ఉంచాల్సింది," అని సలహా ఇచ్చి వెళ్ళాడు.

ఆదివారం సాయంత్రం సర్దుకుంటుంటే, మొదటి రోజు కొన్న ఆవిడ ఫ్రేము చంకలో పెట్టుకుని వచ్చింది. ముఖం కందగడ్డలా ఉంది. ఫ్రేము బల్ల మీద పెట్టి వేలు చూపించింది. బస్సు కుదుపులకు నా రెండు చిన్న పట్టీల్లో ఒకటి ఊడి, కాగితం ఎడమవైపు జరిగింది. మొదటి అంకె మౌంటు వెనక్కి పోయింది.

అద్దంలో ఎర్రగా 0/20. కింద రెండు గీతలు.

"పొద్దున లేచి మావాడు ముందు చూసింది దీన్నే," అంది. "రేపు వాడికి లెక్కల పరీక్ష."